తాబేలు మోసిన మట్టి

కుంటకు గండి పడిందని కప్ప కేకేస్తే, ఎండ్రకాయ బొరియలోంచి కళ్లు మాత్రం బయటపెట్టింది. నీళ్లు పోతే చచ్చేవి చేపపిల్లలు. తనకు తడిమట్టి చాలు.

ఎదురుగా ముసలి తాబేలు వీపున బురద వేసుకుని గట్టెక్కుతోంది, జారుతోంది, మళ్లీ ఎక్కుతోంది.

"నీకెందుకు తాతా ఈ అవస్థ? ఇంకో కుంటకు నడిచిపోగలవు గదా!" అంది ఎండ్రకాయ.

తాబేలు ఆగి ఆయాసం తీర్చుకుంది. "పోయిన ఎండాకాలం బండమీద వెల్లకిలా పడ్డానురా. రెండు రోజులు కాళ్లు కొట్టుకున్నా. ఇక చచ్చాననుకున్నప్పుడు ఎవరో పక్కనుంచి నెట్టి బోర్లా తిప్పారు. కళ్లనిండా ఎండ. తేరుకుని చూస్తే ఎవరూ లేరు."

"ఎవరో తెలీదా?"

"తెలిస్తే వాళ్లొక్కరి పనికే పోయేవాణ్ణి. తెలీదు గనకే ఎవరు పిలిచినా వస్తున్నా."

ఎండ్రకాయ బొరియలోంచి బయటికొచ్చింది. తన బొరియ వాకిట్లో పోగేసుకున్న మట్టి ఎత్తుకుని గండివైపు నడిచింది.