గోడ అవతలి ముక్కు

"ఆ సంచి అక్కడే పెట్టు!"

తెల్లారీ తెల్లారకముందే అపార్ట్‌మెంట్ వెనక టీచరమ్మ గొంతు ఖంగుమంది.

ఎరువు తొట్టి మీదికి వంగి ఉన్న ముసలాయన ఉలిక్కిపడ్డాడు. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో పొడుగాటి కర్ర.

"మీ వీధి చెత్త మోసుకొచ్చి మా తొట్టిలో పోస్తున్నావా?"

"చెత్త కాదమ్మా, ఎండుటాకులు. ఊరికే కూరగాయల తొక్కలే వేస్తుంటే తడి ఎక్కువైపోయి..."

"ముప్పై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పాను. ఇప్పుడు నువ్వొచ్చి నాకు చెప్తావా?"

"అది కాదమ్మా, నేను ఈ వెనక..."

"వెనకా లేదు, ముందూ లేదు. నడు!"

ఆయన సంచి భుజాన వేసుకున్నాడు. గేటు దాటాక ఆగి, "బకెట్ తొక్కలకి రెండు బకెట్ల ఆకులమ్మా. వారానికి రెండుసార్లు తిరగెయ్యండి," అన్నాడు. టీచరమ్మ వినిపించుకుంటేగా!

ఆ రోజే వెనక గేటుకి తాళం పడింది.

టీచరమ్మ మనసంతా ఆ తొట్టి మీదే ఉంది. కొన్ని నెలల కిందట దాన్ని పెట్టించడానికి ఇరవై ఇళ్ల గడపలు తొక్కి, బతిమాలి, బెదిరించి, తడి చెత్త వేరు చేయించింది. రిటైరయ్యాక ఆమె మాట విన్నది ఆ తొట్టి ఒక్కటే.

కానీ అప్పట్లో తొట్టి పెట్టిన వారానికే గోడ అవతలి ఇంటాయన కంప్లైంట్ ఇచ్చాడు, వాసన భరించలేకపోతున్నామని. ఆ మూల సిమెంటు చేయించి రెండో కారు పెట్టుకోవాలని చూస్తున్న సెక్రటరీ ముఖం చేటంత అయింది.

"నాలుగు నెలలు చూస్తాం. అప్పటికీ వాసన వస్తే తొట్టి తీసేయాల్సిందే."

"చూసుకుందాం," అంది టీచరమ్మ.

చిత్రంగా ఇంకో వారానికల్లా వాసన పోయింది. అంతా తన గొప్పే అనుకుంది. పైన కనబడే ఎండుటాకులు పక్కనున్న చెట్టు రాల్చినవే అనుకుంది. కంప్లైంట్ వచ్చిన మర్నాటి నుంచే రోజూ బకెట్ ఒంపుతూ, గోడ మీదుగా కనిపించే కిటికీ వైపు చూసి కేకేసేది.

"ఏమండోయ్ ముక్కుగారూ! ఇవాళ ఏం వాసనొస్తోంది? గులాబీయా, మల్లెపూవా?"

కిటికీ ఏనాడూ బదులు పలకలేదు.

గేటుకి తాళం పడ్డ పది రోజులకి తొట్టి గుప్పుమంది. అడుగు నుంచి నల్లనీళ్లు కారాయి. ఈగలు ఝుమ్మన్నాయి. టీచరమ్మ ముగ్గు రాయి పొడి చల్లింది, మూత మీద మూత పెట్టింది. ఏం చేసినా తగ్గలేదు. ఇంతలో గడువు రోజు రానే వచ్చింది.

అందరూ ముక్కులు మూసుకుని తొట్టి చుట్టూ చేరారు. సెక్రటరీ ఏకంగా మేస్త్రీనే వెంటబెట్టుకొచ్చాడు.

"ఇంకా ఏమంటారు టీచర్ గారూ?"

"రెండు వారాలు ఆగండి అంటాను."

"నాలుగు నెలలు ఆగాం కదండీ!"

"అయితే ఆ ముక్కాయన్ని పిలవండి. ఇన్నాళ్లూ గోడచాటున దాక్కున్నాడు. నా ఎదురుగా నిలబడి తీసెయ్యమంటే ఈ చేతులతోనే తీసేస్తాను!"

"ఎక్కడి ముక్కాయన? నిన్ననే ఇల్లు ఖాళీ చేశాడు. భార్యకి వైద్యమని కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. పోతూ పోతూ కమిటీకి ఉత్తరం ఇచ్చాడు. అందరి ముందే విప్పుదామని దాచాను." కవరు చింపి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "'అయ్యా, నేనిచ్చిన కంప్లైంట్... వెనక్కి తీసుకుంటున్నాను.'"

సెక్రటరీ గొంతు జారిపోయింది.

"గట్టిగా!" అంది టీచరమ్మ, క్లాసులో లాగే.

"'మంచం పట్టిన నా భార్య ఆ కిటికీ పక్కనే ఉంటుంది. వాసన పడక మొదట కంప్లైంట్ ఇచ్చాను. మర్నాడు టీచర్ గారు గోడ మీదుగా నా మీద వేసిన కేకలు విని మా ఆవిడ పకపకా నవ్వింది. ఏడాది తర్వాత ఆ నవ్వు విన్నాను. తొట్టి తీసేస్తే ఆ గొంతు వినబడదు, వాసన సంగతి నువ్వే చూడు అంది. చూసుకున్నాను. ఇంకో రెండు వారాలు ఆగండి, వాసన పోతుంది. కావలసినవి వెనక గేటు బయట పెట్టాను. గేటుకి తాళం ఉంది.'"

సెక్రటరీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మరి సిమెంటు కలపనా వద్దా?" అన్నాడు మేస్త్రీ.

"సెక్రటరీగారి ఇంట్లో కలుపు," అని టీచరమ్మ గేటు తాళం తీసింది.

బయట గోడవారగా పన్నెండు సంచుల ఎండుటాకులు. వాటికి ఆనించి పొడుగాటి కర్ర.

సంచులు చూసింది. కర్ర చూసింది. సిగ్గుతో ఆమె ముఖం మండిపోయింది. ఏడుపు తన్నుకొచ్చింది. కానీ సెక్రటరీ ముందు ఏడవడమా! నడుం బిగించి సంచి ఎత్తి తొట్టిలో గుమ్మరించింది. కర్రతో అడుగు నుంచి తిరగేసింది.

"రెండు వారాల తర్వాత రండి సెక్రటరీగారూ. ఈ తొట్టి పక్కనే నిలబడి కాఫీ తాగుదురుగాని!"

అలవాటుగా కిటికీ వైపు తలెత్తి, "ఏమండోయ్..." అని ఆగిపోయింది.

నాలుగు నెలలుగా గోడ మీదుగా తాను ఎగతాళి చేసిన ముక్కుగారూ, సంచితో సహా తాను తరిమేసిన ముసలాయనా ఒక్కరే.