పక్క గదిలో ఏడు

ఉప్సాలాలో చలికాలం మూడింటికే చీకటి పడుతుంది. ఎబ్బా దీపం ముందు కూర్చుని ఏడాదిగా సాగుతున్న ఓ పెద్ద లెక్కలో నూట నాలుగో వరుస వేస్తోంది. చివరి వరుసలో శేషం సున్నా వస్తే, వాళ్ళు పరీక్షిస్తున్న అరవై తొమ్మిది అంకెల సంఖ్య ప్రధాన సంఖ్యేనని తేలుతుంది. నడుమ ఒక్క అంకె తప్పినా ఏడాది కష్టం మట్టిపాలే. అందుకే పక్క గదిలో, ఆమెతో పనిచేసే తోరా అదే లెక్కను విడిగా వేస్తుంది. ఇద్దరూ సాయంత్రం దాకా మాట్లాడుకోకూడదు. రెండు చేతులు ఒకే చోట ఒకే తప్పు చెయ్యవన్నదే వాళ్ళ ధైర్యం.

గోడ అవతల కలం బరబరమంటోంది.

కావలివాడు హోల్గర్ వచ్చి పొయ్యిలో కట్టెలు వేశాడు.

"ఒక్కరే ఉన్నారేంటమ్మా? తోరాగారు మధ్యాహ్నమే వెళ్ళిపోయారుగా. ఒళ్ళు కాలిపోతుంటే నేనే బండెక్కించాను. పక్కపక్కనే ఉండి ఆ సంగతీ తెలీదా? అలిగిన తోడికోడళ్ళు నయం మీకంటే."

అతను వెళ్ళిపోయాడు. కలం ఆగలేదు.

ఎబ్బా కాసేపు విన్నది. తర్వాత నాలుగు రాయాల్సిన చోట కావాలనే ఏడు వేసింది.

చప్పుడు ఆగిపోయింది.

దీపం పట్టుకుని వెళ్ళి పక్క గది తలుపు తీసింది. కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల మీది కాగితంలో, నూట నాలుగో వరుసలో, సరిగ్గా అదే చోట ఏడు ఉంది. దాన్ని కొట్టేసి పైన నాలుగు వేసి ఉంది. సిరా ఇంకా ఆరలేదు.

అప్పుడు, ఆమె వదిలి వచ్చిన చీకటి గదిలో, కలం బరబరమనడం మొదలైంది.