అన్నీ నావే

“టీవీతో మొదలెట్టండి,” అని కోర్టు అమీనా చెప్పులు విడవకుండానే హాల్లోకి వచ్చేశాడు. వెనకాల ఇద్దరు హమాలీలు. వీధిలో వాళ్ళ లారీ ఇంకా బుర్రుమంటూనే ఉంది.

పెద్దకోడలు టీవీకి అడ్డంగా వచ్చింది. చిన్నకోడలు గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. మగవాళ్ళిద్దరూ పనికి వెళ్ళిపోయారు.

“బయటున్న నీలం కారు మీ ఇంటిదేగా?” అన్నాడు అమీనా. “స్పీడుగా నడిపినందుకు జరిమానా పడింది. మూడు నోటీసులు పంపాం. ఉలుకూ పలుకూ లేదు. జరిమానా మీద జరిమానా పడి తడిసి మోపెడయింది. ఇవాళ జప్తు. ఆర్డరు చదువుతాను, వినండి.”

“చదవకండి బాబూ!” పెద్దకోడలు పరుగున వెళ్ళి కిటికీలు మూసేసింది. “ఎదురింటివాళ్ళు చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. పేరు బయటికి వినబడితే మా పరువేం కావాలి? కారు మా ఆయనదే, ఒప్పుకుంటున్నాగా! కానీ ఒక్క నోటీసు కూడా మా చేతికి రాలేదండీ, ఒట్టు.”

ఎలా వస్తాయి? మూడూ చిన్నకోడలి పరుపు కింద ఉన్నాయి. పోస్టుమాన్ ఇచ్చిన కవరు మీద కోర్టు ముద్రా, కారు నంబరూ కనబడగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఇంకో అక్షరం చదవలేదు. ఆ కారు గుమ్మంలోకి వచ్చినప్పట్నుంచీ ఆమెకు తిన్నది ఒంటబట్టడం లేదు. కారొక్కటేనా? ఫ్రిజ్జు అక్కవాళ్ళది. టీవీ అక్కవాళ్ళది. నిలువుటద్దం బీరువా కూడా అక్కదే. తనకున్నదల్లా కిర్రుమనే మంచం, మూత పట్టని ట్రంకుపెట్టె. ఒక్క కడుపున పుట్టిన అన్నదమ్ముల పెళ్ళాలకు ఇంత తేడా ఏమిటని రోజూ కుళ్ళి చచ్చేది. ఒక్కసారి దెబ్బ తగలనీ, తెలుస్తుంది అనుకుంది.

“ఇప్పుడే కట్టేస్తామండీ!” అంది పెద్దకోడలు.

“గడువు నిన్నటితో సరి. ఇక కోర్టుకొచ్చి కట్టి సామాను విడిపించుకోవడమే.”

“పోనీ, జరిమానా ఎవరికి పడితే వాళ్ళ సామానే కదా ఎత్తాలి?”

“అంతే. ఒకే ఇంట్లో ఉన్నా రెండో కుటుంబం వస్తువులు ముట్టుకోం. అది రూలు.”

పెద్దకోడలు తోడికోడల్ని రెక్క పుచ్చుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

“చెల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటానే. ఇవన్నీ నీవని చెప్పవే. ఈ ఒక్క పూటకి.”

“నావా? మొన్న నీ ఫ్రిజ్జులో నీళ్ళసీసా పెడితే తీసి అవతల పెట్టావు కదక్కా!”

“బుద్ధి గడ్డి తిని పెట్టానే. నువ్వు నోరు తెరిచి అడిగిన రోజున కారు ఇచ్చామా, లేదా?”

“ఇచ్చారు. ఒకే ఒక్కసారి. సరే, బీరువా తాళంచెవి?”

“ఇదిగో.”

చిన్నకోడలు దాన్ని నడుముకి దోపుకుంది. “ఆ గాజులు?”

“గాజులెందుకే?”

“నీ చేతికి బంగారం కనబడితే అతను వదిలిపెడతాడా? నీ మంచికే చెబుతున్నా.”

సబ్బు రాస్తే తప్ప గాజులు పెద్దకోడలి చేతిని వదల్లేదు. చిన్నకోడలి చేతికి మాత్రం కొలత తీసి చేయించినట్టు ఎక్కేశాయి.

ఆమె హాల్లోకి వచ్చి తలెత్తి నిలబడింది. “అమీనాగారూ, ఇవన్నీ నావండీ. ఫ్రిజ్జు నాది, టీవీ నాది, ఆ బీరువా నాది. మా అక్కకి ఏమీ లేదు, పాపం.” ఆ ‘పాపం’ అనడంలో ఉన్న సుఖం ఆమెకు పెళ్ళయ్యాక ఎన్నడూ దొరకలేదు.

“నోటిమాట చెల్లదు. వరసగా రాసి సంతకం పెట్టండి.”

రాసింది. అడక్కపోయినా కర్టెన్లు రాసింది, గోడ గడియారం రాసింది, చేతికున్న గాజులు కూడా రాసింది. సాయంత్రం తిరిగి ఇమ్మంటే? కోర్టు కాగితంలో ఉంది కదక్కా, నేనేం చెయ్యను అంటే సరి. పెద్దకోడలు పక్కన నిలబడి ఒక్కో వస్తువుకీ ఒకసారి గుటక మింగింది.

“మీ ఆయన పేరు కూడా రాయండి,” అన్నాడు అమీనా.

అదీ గుండ్రంగా రాసి ఇచ్చింది.

అమీనా ఆ కాగితం చూశాడు. తన చేతిలో ఆర్డరు చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని రెండూ మళ్ళీ చూశాడు. హమాలీల వైపు తిరిగి, “అన్నీ ఎత్తండి,” అన్నాడు.

“అదేమిటండీ!” చిన్నకోడలు అడ్డం వెళ్ళింది. “నావని రాసిచ్చాను కదా!”

“అందుకేనమ్మా. కారు మీ బావగారిదే. కానీ జరిమానా కారుకి కాదు, ఆ రోజు దాన్ని నడుపుతూ రోడ్డు మీద కెమెరాకి చిక్కినాయనకి.”

ఆర్డరు ఆమె ముందు పెట్టాడు. ఇప్పుడే తను గుండ్రంగా రాసిన పేరే అందులోనూ ఉంది. దాని పక్కన తేదీ. బావగారి కారు ఒక్క పూటకి అడిగి తెమ్మని మొగుణ్ణి పోరి, పుట్టింటికి బయల్దేరి, ముందు సీట్లో కూర్చుని “ఇంకాస్త తొక్కండి, మావాళ్ళందరూ వీధిలో ఉండగానే దిగాలి” అన్న రోజు.

వెనకాల పెద్దకోడలు తల బాదుకుంటోంది. హమాలీలు అప్పుడే ఫ్రిజ్జు వంచారు.

“ఆ గాజులు కూడా ఇలా ఇవ్వండమ్మా,” అమీనా చెయ్యి చాపాడు. “మీవేగా!”