అరవై రెండేళ్ల గుండె

కేప్‌టౌన్‌లో గుగులేతు పేట దాటాక ఉన్న పెట్రోలు బంకులో, తాళం చెవి కారుకే వదిలేసి ఒకావిడ నీళ్ల సీసా కోసం కొట్లోకి వెళ్లింది. కార్ల దొంగ మోంగెజీకి అంతకన్నా ఏం కావాలి? ఎక్కి కూర్చుని, గేరు వేసి, పెద్ద రోడ్డెక్కేశాడు.

నాలుగు కిలోమీటర్లు పోయాడో లేదో, పక్క సీట్లో ఫోను మోగింది. నోరు మూయిద్దామని నొక్కితే ఆవిడ గొంతు బయటికొచ్చింది.

"నాయనా, కారు నువ్వే ఉంచుకో. వెనక సీట్లో నీలం పెట్టె ఉంది, అది మాత్రం పెద్దాసుపత్రికి చేర్చు. నేను డాక్టర్ని. అందులో మనిషి గుండె ఉంది."

"ఎవరికమ్మా చెబుతున్నావ్ కథలు?"

"మూత తీసి చూసుకో."

కారు పక్కకి ఆపి చూశాడు. ఐసుముక్కల మధ్య ప్లాస్టిక్ సంచిలో, నల్లెరుపుగా, కొవ్వు పట్టి, నిజంగానే గుండె! మూత టక్కున మూసేశాడు.

"ఇంత పెద్దదేంటమ్మా?"

"అరవై రెండేళ్లాయనది. వయసుతోపాటు కండ మందమవుతుంది. కుర్రాడిదైతే రక్తం అందకపోయినా నాలుగు గంటలు ఓర్చుకునేది. ముసలి గుండెకి ఆ ఓపిక ఉండదు. దీనికి మహా అయితే ఇంకో అరగంట. అక్కడ మనిషి ఛాతీ తెరిచి పెట్టి ఉంది!"

"మరి ముసలాయనది ఎందుకు తెచ్చావ్? ఊళ్లో కుర్రాళ్లే దొరకలేదా?"

"నువ్వు ఇస్తానంటే నీదే తీసుకునేదాన్ని. ముందు బండి తియ్యి! గేటు దగ్గర నాకే ఇవ్వాలి, ఇంకెవరికీ ఇవ్వకు."

పెట్టె రోడ్డు మీద దించేసి పోదామనుకున్నాడు. కానీ అంబులెన్సు కోసం ఎదురుచూస్తూ గుమ్మంలోనే ప్రాణం వదిలిన తల్లి గుర్తొచ్చింది. కారు ఆసుపత్రి వైపు తిప్పాడు.

అడ్డదిడ్డంగా దూసుకుపోతుంటే ట్రాఫిక్ పోలీసు మోటారు సైకిలు అడ్డం పెట్టాడు.

"లైసెన్సేదిరా?"

"గుండె ఉంది సార్! ముసలిది! ఎంతోసేపు ఆగదు!"

పోలీసు మూత ఎత్తి చూసి హెల్మెట్ తీసేశాడు. మళ్లీ పెట్టుకుని, "నా వెనకే రా తమ్ముడూ" అన్నాడు. జీవితంలో మొదటిసారి సైరను మోంగెజీ వెనక కాకుండా ముందు పరుగెత్తింది.

"ఓర్చుకో తాతా, ఇంకో రెండు సిగ్నళ్లే" అని దారంతా పెట్టెని బతిమాలుతూనే ఉన్నాడు.

ఇరవై రెండు నిమిషాల్లో ఆసుపత్రి గేటు చేరాడు. పోలీసు భుజం తట్టి, చల్లటి కోలా తేవడానికి ఎదురు కొట్టుకి వెళ్లాడు. అప్పుడే పారిపోవాల్సింది. కానీ లోపల మనిషి బతికేదీ లేనిదీ తెలియకుండా కాళ్లు కదల్లేదు. పెట్టె ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు.

టాక్సీలో ఆవిడ దిగింది. కారు తాళం చెవి అడక్కుండానే ఆమె చేతిలో పెట్టాడు.

"టైముకే తెచ్చాను కదా డాక్టరమ్మా? ఆ మనిషి బతుకుతాడు కదా?"

ఆవిడ సంచి విప్పి వాసన చూసి, కోలా సీసాలతో వస్తున్న పోలీసుని చెయ్యెత్తి పిలుస్తూ అంది:

"మనిషెవరు నాయనా? నేను బళ్లో సైన్సు టీచర్ని, ఇది తొమ్మిదో తరగతికి కోసి చూపిద్దామని పొద్దున కసాయి దగ్గర కొన్న ఎద్దు గుండె."