పొడి చొక్కా

"క్లచ్ నొక్కు, మూడుకి దించు. ఆడోళ్లకి గేర్లు ఏటి తెలుస్తాయి?"

వెనక చేపల తొట్టి కట్టిన బండిని మొదటిసారి భార్య కూర్మమ్మ చేతికిచ్చి, తొట్టికి ఆనుకుని కూర్చున్న గంగులు భయంతో కళ్లు మూసుకున్నాడు.

ఆమె ఒక్కో గేరే దించుతూ, దించిన ప్రతిసారీ క్లచ్ మెల్లగా వదిలింది.

"ఒసే, సంత వచ్చేసుంటాది. బ్రేకెయ్యి."

"బండాగి శానాసేపైనాది మావా. దిగు."

గంగులు కళ్లు తెరిచాడు. ఎదురుగా భోగాపురం సంత.

"నీకెవులు నేర్పినారే?"

"ముందు నీ ఈపు తడిసినాదేటో సూసుకో."

తడుముకున్నాడు. చొక్కా పొడిగానే ఉంది.

"ఆరేళ్లుగా నువ్వు బండాపినప్పుడల్లా తొట్టిలో ఐసు నీళ్లు నా ఈపు మీదే పడ్డాయి. ఎలగ ఆపకూడదో నా ఈపుకి బాగా తెలుసు."

గంగులు తాళం కోసం చేయి చాపాడు.

"ఇస్తాన్లే. తొట్టి ఖాళీ అయినాక నువ్వే తోలు."