రెండువందల పన్నెండు అడుగులు

"ఎముకలు, టీచర్."

తొమ్మిదేళ్ల హెల్గా పార కింద పెట్టి అరచెయ్యి చాపింది. వేలెడంత ఎముకలు రెండు, మట్టిరంగులో.

మిస్ వయొలా ట్రాస్క్ కళ్లజోడు సర్దుకుని చూసింది.

"ఏ దూడవో అయ్యుంటాయి. కుక్కకి పడేసి గొయ్యి కానివ్వు. పదకొండింటికి ఇన్‌స్పెక్టర్ గారు వచ్చేస్తారు."

బడి కుక్క వాటిని నోట కరుచుకుని మెట్ల కిందికి దూరింది.

నెబ్రాస్కాలో ప్లాట్ నది ఒడ్డున ఉందా బడి. బడి వెనకే పాత బండ్ల బాట. అరవై ఏళ్ల కిందట పడమటికి వలస పోయినవాళ్ల చక్రాల గాడులు ఇంకా చెరిగిపోలేదు. ఆ దారిలో జనం ఎలా బతికారో పిల్లలకు చేసి చూపించాలని వయొలా పట్టుదల. ఎద్దులబండి తెప్పించింది. ఆడపిల్లలకు పాతకాలపు టోపీలు కట్టించింది. ఎండుపేడ మంట మీద ఇనప కుండలో రొట్టె పెట్టించింది.

పిల్లలు ముక్కు మూసుకుని, పేడను పట్టకారుతో మంటలో వేస్తుంటే ఎవరో నవ్వారు.

కర్ర పట్టుకున్న ముసలావిడ. చంకలో గోనెమూట. బట్టల నిండా రైలు మసి.

"మొదటి వారం మేమూ అంతే. రెండో వారం గుడ్డతో ఎత్తాం. నెల తిరిగేసరికి ఉత్త చేతుల్తో ఎత్తి, ఆ చేతుల్తోనే పిండి కలిపాం," అందావిడ.

"ఛీ, పేడ మామ్మ," అన్నాడొకడు. మిగతావాళ్లూ అందుకున్నారు.

ఉత్త చేతుల్తో ఎత్తిన సంగతి వయొలా చదివిన పుస్తకంలో లేదు. పుస్తకంలో లేనిదంటే ఆమెకు గిట్టదు. అందుకే పిల్లల్ని వారించలేదు.

ముసలావిడ అవేమీ పట్టించుకోలేదు. బాట పక్కన నిలువునా చీలిన బండరాయికి వీపు ఆనించి నిలబడింది. అక్కణ్ణించి పడమటికి నడవసాగింది. పెదాలు కదులుతున్నాయి.

"ఏం లెక్కపెడుతున్నావు మామ్మా?" హెల్గా వెంటపడింది.

"అడుగులే తల్లీ. అప్పుడు నీ అంతదాన్ని, చిన్న అడుగులు వేశాను. ముసలితనం వచ్చి మళ్లీ అంతే పడుతున్నాయి. ఒకందుకు మంచిదే."

రెండువందల పన్నెండో అడుగు గొయ్యి అంచున పడింది.

ఆవిడ కర్రతో గోతిలోకి చూపించింది. "ఇక్కడ ఎవరు తవ్వారు?"

"నేనే. బొమ్మని పాతిపెట్టే ఆట ఉంది మాకు. ఇక్కడైతే నేల కుంగి మెత్తగా ఉంది."

"తవ్వుతుంటే ఏమన్నా కనిపించిందా?"

హెల్గా నోరు తెరిచింది. అప్పుడే గేటు దగ్గర ఇన్‌స్పెక్టర్ కారు ఆగింది.

"ఏముంటుంది, ఉత్త మట్టి," అంది వయొలా వచ్చి. "హెల్గా, నువ్వెళ్లి ఎద్దుల్ని పట్టుకో."

"బాగా చూశావా అమ్మా? చిన్నవి. మరీ చిన్నవి ఉంటాయి."

వయొలా ఒక్కసారి మెట్ల వైపు చూసింది. ఆ తర్వాత కారు వైపు చూసింది.

"నేను దగ్గరుండి తవ్వించాను. ఏమీ లేదు. ఇక అడ్డు లెండి, మామ్మగారూ."

"అయితే లెక్క తప్పానన్నమాట," అందావిడ. "అరవై రెండేళ్లు ఈ ఒక్కటీ మరిచిపోకుండా మోశాను. తప్పాను."

మూట బండరాయి పక్కన దింపి, స్టేషన్ దారి పట్టింది.

ఇన్‌స్పెక్టర్ గారు కుర్చీలో కూర్చున్నారు. బొమ్మను గోతిలో పెట్టి మట్టి కప్పారు.

"దారిలో పసిబిడ్డ చనిపోతే ఏం చేసేవారు?" వయొలా గొంతు పెంచింది.

"బాటలోనే పాతి, పైనుంచి బండి తోలేవాళ్లు టీచర్. తోడేళ్లకి జాడ తెలియకుండా."

"అలా తోలినవాళ్లు ఎలాంటివాళ్లు?"

"రాతిగుండెవాళ్లు," పిల్లలంతా ఒక్కసారిగా అన్నారు. అది వయొలా నేర్పిన జవాబే.

గేటు దాటుతున్న ముసలావిడ కాసేపు ఆగింది. వెనక్కి తిరగలేదు. కర్ర ఊనుకుంటూ వెళ్లిపోయింది.

హెల్గా ఎద్దుల్ని గొయ్యి మీదుగా నడిపించింది. ఇన్‌స్పెక్టర్ గారు చప్పట్లు కొట్టారు. వయొలా ముఖం వెలిగిపోయింది.

అందరూ వెళ్లాక, హెల్గా ఆ మూట తెచ్చి విప్పింది. లోపల చెక్కపలక. అక్షరాలు వేడి ఇనుముతో కాల్చి రాసినవి.

వయొలా చదివింది. "శామ్యూల్ గాఫ్. రెండేళ్లు. 1864."

హెల్గా మెట్ల దగ్గరికి పరిగెత్తింది. కిందికి చెయ్యి పెట్టి వెతికింది. ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

"ఆ మామ్మ ఎవరు టీచర్?"

వయొలా పలకను పిల్ల చేతికిచ్చింది. పేరు కింద చిన్న అక్షరాల్లో ఇంకో వరస ఉంది: "అమ్మ చెప్పిందని నీ మీదుగా ఎద్దుల్ని తోలింది నేనే, నీ అక్కని."