తాళం లేని ఇంజను

“ఇంజను లేదే బాలవ్వా!”

పెగడపల్లిలో పెండ్లి చూసుకుని మర్నాడు పొద్దున ఇంటికొచ్చిన ఆగయ్య వాకిట్లోనే కూలబడ్డాడు. నీళ్లు తోడే ఆయిల్ ఇంజను ఉండాల్సిన చోట నల్లటి నూనె మరక, దాని పక్కన బండి చక్రాల జాడ మాత్రమే ఉన్నాయి.

బాలవ్వ చంకలోని మూట దించింది.

“ఊర్లె ఎన్ని మోటర్లు పోయినయ్! ఏడేండ్ల సంది మనదాని మీద ఒక్కడు చెయ్యేసిండా?” అని అరిచాడు ఆగయ్య. “మన కొడుకు రాజేశం దళంల ఉన్నడని ఎరుకలేనోడు, ఎవడో పరాయి ఊరోడు ఎత్తుకపోయిండు!”

బాలవ్వ చక్రాల జాడ వెంట నాలుగడుగులు నడిచి ఆగింది.

“పరాయోడు కాదు. జాడ ఊర్లెకే పోయింది.”

“ఊరోడా? రాజేశం అస్తే తోలు తీస్తడని వానికి భయం లేదా?”

ఎదురింటి గంగమ్మ వాళ్లను చూసి, ఎప్పుడొచ్చిన్రని కూడా అడగకుండా గబుక్కున తలుపేసుకుంది. రోజూ పొద్దున్నే ఆమె, బాలవ్వ కలిసి చాయ్ తాగేవాళ్లు.

ఆగయ్య తువ్వాల దులుపుకుని లేచాడు. “కోరుట్ల పోయి గొలుసు, తాళం తెస్త. ఈ పైపులన్న మిగులుతయి.”

“తాళం తర్వాత,” అంది బాలవ్వ. ఆమె చూపు గంగమ్మ తలుపు మీదే ఉంది. “ముందుగాల పేపరు తీస్కరా. నిన్నటిది గూడ అడుగు.”

“పేపరా? మనిద్దర్ల ఎవలకు సదువొస్తదే?”

“ఎన్‌కౌంటరైనోల్ల ఫోటోలేస్తరు గదా.”